ఆషూర్‌ఖానా మరమ్మతు ఎవరి కోసం?

నేను ఒక తెలుగు పత్రిక డెస్కులో పనిచేస్తున్న రోజుల్లో ఓ రాత్రి బాద్షాహీ ఆషూర్‌ఖానా గురించిన చిన్న వార్త నా ముందుకొచ్చింది. 'చారిత్రక మసీదుకు మరమ్మతులు' అని రాశాడు విలేకరి. ఇది మసీదు కాదయ్యా అన్నాను. మరేంటన్నాడు. చెప్పబోయి ఆగిపోయాను. మసీదు నమాజు చదివే చోటు. ఇది హుసేన్ కోసం ఏడ్చే చోటు. రెండు కాలమ్‌ల శీర్షికలో ఏడుపును ఎక్కడ ఇరికించను? టైమైపోతోంది. చివరికి 'ముస్లింల ప్రార్థనా స్థలం' అని అచ్చయింది. మర్నాడు ఉర్దూ పత్రికలో పనిచేసే దోస్తు ఫోన్ చేసి నవ్వాడు. మీ తెలుగులో ఆషూర్‌ఖానాకు మాట లేదా అన్నాడు.

ఉంది. మా ఊళ్లో దాన్ని పీర్ల కొట్టం అంటారు. కొన్నిచోట్ల పీర్ల చావిడి అంటారు. ఆ మాట ముసలి కాపుకి తెలుసు, చాకలి అవ్వకి తెలుసు, బడి మానేసిన పిల్లాడికి తెలుసు. డెస్కుకే తెలియదు. ఊరి తెలుగును పత్రిక తెలుగు గడప దాటనివ్వలేదు కాబట్టి, నా పక్కన కూర్చున్న డిగ్రీ చదివిన కుర్రాడికి పీర్ల కొట్టమూ బాద్షాహీ ఆషూర్‌ఖానా ఒకటేనన్న సంగతి తట్టలేదు. నిజం చెప్పాలంటే ఆ రాత్రి నాకూ తట్టలేదు. రెండు భాషలు తెలిసినవాణ్ణని నా గొప్ప!

మాట మీద ఇంత పట్టుదల ఎందుకంటే, కట్టడాన్ని ఏమని పిలుస్తామో దానికి అలాంటి మరమ్మతే చేస్తాం. గుడికి చేస్తే జీర్ణోద్ధరణ అంటాం. అందులో పుణ్యం ఉంది, దాత పేరు చెక్కే రాయి ఉంది. పత్రికలూ ప్రభుత్వమూ వాడే పునరుద్ధరణలో టెండరు ఉంది, రిబ్బను కత్తిరించే మంత్రి ఉన్నాడు. మరమ్మతులో మాత్రం మేస్త్రీ, సున్నం, నిచ్చెన ఉన్నాయి. అది అరబ్బీ నుంచి ఉర్దూలోకి, అక్కణ్ణించి తెలుగులోకి వచ్చి స్థిరపడ్డ మాట. సైకిలుకీ మరమ్మతే, చెరువుకీ మరమ్మతే. నాకు ఆ మాటే ఇష్టం. ఈ వ్యాసంలో అదే వాడతాను.

ఇక కట్టడం దగ్గరికి వద్దాం. పత్తర్‌గట్టీ దగ్గర, మదీనా చౌరస్తాకు కూతవేటు దూరంలో ఉంటుంది. మొహమ్మద్ కులీ కుతుబ్‌షా చార్మినార్ కట్టించింది 1591లో. ఆ తర్వాత మూడు నాలుగేళ్లలోనే, 1594 ప్రాంతంలో దీన్ని మొదలుపెట్టించాడు. కొత్త నగరానికి నాలుగు దారుల కూడలి ఎంత అవసరమనుకున్నాడో, దుఃఖపడడానికి ఒక ఇల్లు కూడా అంత అవసరమనుకున్నాడన్నమాట. ఆయన స్వయంగా దక్కనీలో మర్సియాలు రాసిన కవి. లోపలి రాతి మండపం గోడలకు చీనీ టైల్స్ పొదిగారు. ఒక్కో రంగు ముక్కనూ కోసి, అరగదీసి, పక్క ముక్కకు అతికేలా పేర్చిన పని. పనితనం ఇరాన్‌ది. రంగులు మాత్రం దక్కన్‌వి. ఇరాన్ గోడల్లో నీలం ఏలుతుంది. ఇక్కడ పసుపు ఎదురు తిరుగుతుంది. ఆవపిండి పసుపు, ఇటుక గోధుమ, ఆకుపచ్చ, వాటి మధ్య నీలం. షట్కోణాలు, తీగలు, అన్నింటికీ నడుమ మంటలా పైకి లేచే ఆలం ఆకారాలు. ఆలం అంటే మన పీరే. లోహపు పీరును పది రోజులే నిలబెడతారు. గోడ మీది పీరు ఏడాది పొడుగునా నిలబడి ఉంటుంది. ముహర్రంలో రోజుకో వరుస చొప్పున దీపాలు పెంచుతూ పదోరోజుకి వేల దీపాలు వెలిగించేవారని ఆ కాలపు రాతల్ని బట్టి చరిత్రకారులు చెబుతారు. ఆ దీపాల వెలుగు మెరుగు పలకల మీద పడితే ఎలా ఉండేదో మన ట్యూబులైట్ల కింద ఊహించడం కష్టం.

1687లో ఔరంగజేబు గోల్కొండను గెలిచాడు. ఆ తర్వాత ఆషూర్‌ఖానా దిక్కులేనిదైంది. బండ్లు నిలిపే చోటుగా వాడారంటారు. ముస్లిం పాలకుడు వస్తే ముస్లిం కట్టడాలకు మేలు జరుగుతుందనుకునేవాళ్లు, వాళ్లు ఏ వైపువాళ్లయినా సరే, ఇక్కడికొచ్చి కాసేపు కూర్చోవాలి. తర్వాత నిజాం అలీ ఖాన్ కాలంలో మళ్లీ ప్రాణం పోసుకుంది. ముందు వైపు ఎత్తయిన కొయ్య స్తంభాల సావిళ్లు ఆసఫ్‌జాహీల కాలంలో చేర్చినవే. అంటే రాతి మండపం ఒక కాలానిది, కొయ్య పని ఇంకో కాలానిది. రెండూ ఒకదానికొకటి పోలవు. అయినా ఏ తగవూ లేకుండా నిలబడ్డాయి.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగింది. నగరంలో వేల మంది చచ్చిపోయారు. నీళ్లు ఆషూర్‌ఖానాలోకీ వచ్చాయి. గోడల కింది భాగం టైల్స్ పాడై రాలిపోయాయి. తర్వాత మరమ్మతు చేసినవాళ్లకు ఆ టైల్స్ చేసే విద్య తెలిసిన మనిషి దొరికాడా, దొరికినా డబ్బు సరిపోలేదా అన్నది పక్కన పెడదాం. వాళ్లు చేసింది కళ్ల ముందే ఉంది. రాలిపోయిన చోట గోడను నున్నగా మెత్తి, దాని మీద టైల్స్ బొమ్మను రంగుతో వేశారు. పైన అసలు పలకలు, కింద పలకల బొమ్మ. దూరం నుంచి చూస్తే ఒకటే గోడ. దగ్గరికెళ్తే పైది మెరుస్తుంది, కిందిది మెరవదు.

నా తగవంతా ఈ కింది భాగం గురించే.

చరిత్ర చదువుకున్న మిత్రులతో అక్కడికి వెళ్లినప్పుడల్లా వాళ్లు పై భాగాన్ని చూసి ఆహా అంటారు. కింది భాగాన్ని చూసి పెదవి విరుస్తారు. నకిలీ అంటారు. దీన్ని గీకేసి మళ్లీ అసలు టైల్స్ పెట్టాలంటారు. నేనూ చాలాకాలం అలాగే అన్నాను. ఇప్పుడు అనను. నకిలీకీ మోసానికీ తేడా ఉంది. ఆ రంగు వేసినవాడు ఎవర్నీ మోసం చేయాలనుకోలేదు. వరదలో సగం గోడ పోయింది. ముహర్రం మాత్రం ఆగదు, నెలవంకతో పాటు వస్తుంది. బోసి గోడ ముందు ఆలం నిలబెట్టడం ఇష్టం లేక, చేతనైనంతలో ఆ గోడకు బట్ట కప్పాడు. అది కూడా ఒక మాతమే. నగరంలో 1908 వరద గుర్తులు పెద్దగా మిగల్లేదు. వరద నుంచి నేర్చుకుని కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌లు ఉన్నాయి, సరే. వరద నీళ్లు ఒక గోడకు ఎంతవరకు చేరాయో చూపించే గీత ఈ ఆషూర్‌ఖానాలో ఉంది. దాన్ని చెరిపేసి 1594ను తెస్తామంటే, తెచ్చేది 1594 కాదు. అది మన కాలపు సరుకే అవుతుంది.

కట్టడాల పరిరక్షణకు ప్రపంచమంతా ఒప్పుకున్నట్టు చెప్పే వెనిస్ చార్టర్ 1964 నాటిది. ఊహాగానం మొదలయ్యే చోట పునరుద్ధరణ ఆగిపోవాలని అది చెబుతుంది. ఏ కాలంవాళ్లు చేర్చిన మేలైన పనినైనా గౌరవించాలని, కొత్తగా పెట్టింది పాతదానితో కలిసిపోతూనే కొత్తదని తెలిసేలా ఉండాలని కూడా చెబుతుంది. ఆషూర్‌ఖానాలో రంగులు వేసిన అనామకుడు ఆ చార్టర్‌కు కొన్ని దశాబ్దాల ముందే దాన్ని పాటించాడు.

అయితే అవతలి వాదన కూడా చిన్నదేం కాదు. ఢిల్లీలో హుమాయూన్ సమాధి దగ్గర ఆగాఖాన్ ట్రస్టు వాళ్లు వేరే దారి పట్టారు. రాలిపోయిన టైల్స్ స్థానంలో కొత్తవి చేయించారు. ఉజ్బెకిస్తాన్ నుంచి పనివాళ్లను పిలిపించి నిజాముద్దీన్ బస్తీ కుర్రాళ్లకు ఆ విద్య నేర్పించారు. విమర్శలొచ్చాయి. పాత సమాధిని కొత్తగా చేశారన్నారు. కానీ మన దేశంలో చచ్చిపోయిన ఒక చేతిపని ఒక పేద ముస్లిం బస్తీలో మళ్లీ పుట్టడం నాకు ఏ చార్టర్ కన్నా పెద్ద సంగతిగా కనిపిస్తుంది. మా పాతబస్తీ పిల్లలకు అలాంటి విద్య నేర్పిస్తామని రేపెవరైనా వస్తే, నేను నా వరద గీతను పట్టుకుని ఎంతసేపు వేలాడతానో చెప్పలేను. బహుశా అడ్డం వస్తాను. చేసిన టైల్స్ వేరే చోట పెట్టండి అంటాను. ఎక్కడ అనడిగితే మాత్రం నా దగ్గర జవాబు లేదు.

మన దగ్గరా పెద్ద పని జరిగింది. కుతుబ్‌షాహీ సమాధుల్లో 2013లో మొదలైన పని 2024లో ముగిసింది. నూట ఆరు ఎకరాలు, వందకు పైగా కట్టడాలు. వాటి గోడలకు గతంలో పూసిన సిమెంటును గీకి తీసి మళ్లీ డంగు సున్నం పట్టించారు. అది సోకు కోసం చేసిన పని కాదు. సున్నపు గోడ ఊపిరి పీలుస్తుంది. నేలలోంచి ఎక్కిన చెమ్మ సున్నంలోంచి బయటికి పోతుంది. దాని మీద సిమెంటు పూస్తే చెమ్మ లోపలే ఉండిపోతుంది. దాంతో వచ్చిన ఉప్పు లోపలే గడ్డకట్టి గోడను ఉబ్బించి పెచ్చులుగా రాలుస్తుంది. అందుకే బెల్లం నీళ్లు, మారేడు గుజ్జు, కరక్కాయ రసం, మినప్పిండి లాంటివి మళ్లీ సున్నం తొట్లలోకి వచ్చాయి. మా నాయనమ్మ కాలపు మేస్త్రీ లెక్క ఇది. 2013లో వానకు కూలిన బడీ బావ్లీని తిరిగి కట్టారు. గోల్కొండ మెట్లబావుల పనికి 2022లో యునెస్కో పురస్కారం వచ్చింది. చూసి సంతోషించాను. ఎగతాళిగా అనడం లేదు, నిజంగానే సంతోషించాను.

సమాధులతో ఒక సౌకర్యం ఉంది. లోపల పడుకున్న రాజులు ఏమీ అడగరు. టిక్కెట్టు పెట్టొచ్చు, లాన్లు వేయొచ్చు, సాయంత్రం ఐదున్నరకో ఆరుకో గేటు మూయొచ్చు. చచ్చిపోయిన ముస్లింల మీద మన ప్రభుత్వాలకు ఎప్పుడూ కోపం లేదు. వాళ్లు పర్యాటకులను తెస్తారు. గొడవంతా బతికున్న ముస్లింలతోనే. ఆషూర్‌ఖానా బతికున్నది. దానికి రోజూ తాళం తీసే మనిషున్నాడు. ముహర్రంలో మజ్లిస్ ఉంటుంది, ఊదు పొగ ఉంటుంది, వందల చెప్పులుంటాయి, పాలపిల్లలతో వచ్చిన ఆడవాళ్లుంటారు, మొక్కు తీర్చుకోవడానికొచ్చిన హిందువులుంటారు. పొగ వల్ల టైల్స్‌కు మసి పడుతుందని నిపుణుడంటాడు. నిజమే. ఊదు లేకుండా ఆలం ఎలా ఎత్తుతామంటాడు ముజావరు. అదీ నిజమే. ఈ ఇద్దరినీ ఒక చాప మీద కూర్చోబెట్టకుండా తయారయ్యే ఏ ప్లానునూ నేను నమ్మను.

ఆధునిక వాడకం అనగానే మనవాళ్లకు లైట్ అండ్ సౌండ్ షో గుర్తొస్తుంది. ఒక మ్యూజియం గది, ఒక క్యాంటీను. నన్నడిగితే ఆధునిక వాడకం అంటే ముందు మరుగుదొడ్డి. పాతబస్తీ ప్రార్థనాస్థలాల్లో గంటల తరబడి కూర్చునే ఆడవాళ్లను అడగండి, చెబుతారు. తర్వాత కరెంటు. పాత కొయ్య స్తంభానికి మేకు కొట్టి తీగ లాగే అలవాటు మానిపించాలి. ఎండిన టేకుకీ అతుకుల తీగకీ మధ్య ఒక్క నిప్పురవ్వ దూరమే ఉంది. మోకాళ్ల నొప్పులున్న ముసలివాళ్లు ఎక్కగలిగే వాలు, వాననీళ్లు గోడ మొదట్లో నిలవకుండా పోయే కాలువ, ఎండను తట్టే నీడ. ఇవేవీ ఫోటోకి అందంగా ఉండవు. అందుకే ప్రాజెక్టుల్లో చివరికి పోతాయి.

మా ఊరి సంగతి చెప్పకుండా ఇదంతా మాట్లాడటం నాకు న్యాయంగా అనిపించదు.

మా ఊరి పీర్ల కొట్టం మట్టి గోడలది, పైన గూన పెంకులు. ముందు గుండం. ఆ గుండం తవ్వే హక్కు ఒక ఇంటిది, డప్పు ఒక వాడది, మొదటి మలీద ఒక గౌడ కుటుంబానిది. మా ఇల్లు ఊళ్లో ఉన్న కొద్ది తురక ఇళ్లలో ఒకటి. మా అమ్మీ పదో రోజు వరకు తలకు నూనె పెట్టేది కాదు. 1948 తర్వాత తురకలు ఊళ్లొదిలి వెళ్లిపోయిన చోట్ల కూడా పీర్లను మిగతా కులాలవాళ్లు ఎత్తుతూనే వచ్చారని మనందరికీ తెలుసు. పీరు మీద హక్కు మతానిది కాదు, ఊరిది.

పదిహేనేళ్ల కింద కొట్టం కూల్చి స్లాబు వేశారు. గల్ఫ్ వెళ్లొచ్చిన ఒక అబ్బాయి సగం ఖర్చు పెట్టుకున్నాడు. నేను వెళ్లేసరికి లోపల గోడలకు నిలువెత్తు గులాబీ పువ్వుల టైల్స్! పక్క పట్నంలో స్నానాల గదులకు అమ్మేవే. నాకు ఒళ్లు మండింది. మట్టి కొట్టాన్ని ఎందుకు చెడగొట్టారని ముజావరు చాచాను నిలదీశాను. పాత కట్టడాల విలువ గురించి ఆయనకు ఉపన్యాసం ఇచ్చాను కూడా. ఆయన అంతా విని, "మంచిగనే చెప్తున్నవ్ బేటా. మట్టి గోడ ఏడాదికోసారి అలకాలె. ఎర్రమట్టి తేవాలె, పేడ కలపాలె. ఇంతకుముందు మా ఇంటోళ్లు, చాకలోళ్ల ఇంటోళ్లు అలికేటోళ్లు. ఇప్పుడు అందరూ కూలికి పోతున్నరు. ఇదైతే ఊదు మసి తడిగుడ్డతోని తుడిస్తే పోతది. నువ్వొచ్చి అలుకుతవా?" అన్నాడు.

నేను నోరు మూసుకున్నాను. బస్సెక్కాక బుర్రలో తిరిగింది ఇదే. బాద్షాహీ ఆషూర్‌ఖానాలో రాజు పెట్టించిందీ టైల్సే, చాచా పెట్టించిందీ టైల్సే. నాలుగు వందల ఏళ్ల తేడాతో ఇద్దరూ పీరు వెనక గోడ మెరవాలనే కోరుకున్నారు. ఆవపిండి పసుపు నాకు కళగా కనిపించింది, గులాబీ పువ్వు చవకబారుగా కనిపించింది. ఇందులో నా చదువు పాలెంత, నా అభిరుచి పాలెంత? గులాబీ టైల్స్ అందంగా ఉన్నాయని ఇప్పటికీ అనను. ఉండవు. చూస్తే స్నానాల గదే గుర్తొస్తుంది. కానీ చాచా అడిగింది అందం గురించి కాదు, అలికే మనిషి గురించి. డంగు సున్నానికైనా అంతే. అది కొన్నేళ్లకోసారి చేయి పడాల్సిన పదార్థం. చార్మినార్‌నే చూడండి. అంతమంది కాపలా ఉన్న కట్టడం. 2019 మే 1న దాని ఒక మినార్ నుంచి గచ్చు పని పెచ్చు ఊడి కింద పడింది. పెద్ద ప్రాజెక్టు వస్తుంది, పోతుంది. అది వెళ్లిపోయిన పదో ఏట గోడ పగులు చూసి ఒక తట్ట సున్నం తెచ్చే మనిషెవరు? వాడికి జీతమెవరిస్తారు? వక్ఫ్ పురావస్తు శాఖ వైపు చూపిస్తుంది. శాఖ ముతవల్లీ వైపు చూపిస్తుంది. ముతవల్లీ పైకి చూపిస్తాడు. పైన అల్లా ఉన్నాడు, కానీ ఆయన సున్నం కలపడు.

ఇంకొకటి కూడా మన మధ్య మాట్లాడుకోవాలి. బయటివాళ్ల గురించే మాట్లాడటం మనకు అలవాటైపోయింది. 1992 డిసెంబరు 6 తర్వాత మా తరానికి ఏ పాత కట్టడం పేరు విన్నా ముందు భయమే వేస్తుంది. ఆ భయం అబద్ధం కాదు. అయితే పీర్ల కొట్టాలకు తాళాలు వేస్తున్నది ఒక్క బయటివాళ్లేనా? మా ఊళ్లోనే స్లాబుకు చందా ఇచ్చిన అబ్బాయి అన్న ఆ కొట్టంలో అడుగుపెట్టడు. పీర్లు బిద్దత్ అంటాడు. డప్పు హరామ్ అంటాడు. మలీద తినొద్దని పిల్లలకు చెబుతాడు. అతని ఇష్టం అతనిది. ఏది నమ్మాలో చెప్పడానికి నేను మౌల్వీని కాను. కానీ అచ్చమైన ఇస్లాం కోసం అతను గీకేయాలనుకునే పొరా, అచ్చమైన 1594 కోసం నా మిత్రులు గీకేయాలనుకునే పొరా ఒకలాంటివే. పసుపు రంగు టైల్స్‌లోకి ఎలా వచ్చిందో డప్పు పీరు ముందుకి అలాగే వచ్చింది. ఇక్కడి నేల నుంచి. దాన్ని తీసేస్తే మిగిలేది అరేబియా కూడా కాదు, బోసి గోడ.

షియా మిత్రులు నా మీద కోప్పడవచ్చు. మా ఇమాంబారాను మీ ఊరి జాతరతో కలుపుతున్నావేంటని ఒకాయన ఇంతకుముందే అన్నాడు. ఆయన బాధ నాకర్థమవుతుంది. కర్బలా శోకానికి ఒక క్రమం ఉంది, ఊరి గుండం చుట్టూ అలాయ్ ఆటకు ఇంకో క్రమం ఉంది. రెండింటినీ ఒకటి చేయమని నేననడం లేదు. బాద్షాహీ ఆషూర్‌ఖానా మీద నిర్ణయాలు ముందుగా అక్కడ మాతం చేసేవాళ్లవే కావాలి. ఆ తర్వాత మొక్కులు మొక్కేవాళ్లవి. నాలాంటి రాతగాళ్లు, నిపుణులు చివరి వరుసలో కూర్చోవాలి. కూర్చుంటాను, కానీ నా మాట నేను చెబుతాను.

ఆ మాట ఇది. కింది గోడ మీది రంగును ముట్టుకోవద్దు. దుమ్ము తుడవండి, ఉప్పు తీయండి, చెమ్మ ఎక్కకుండా చూడండి. పక్కన ఒక చిన్న పలక పెట్టండి. ఉర్దూలో, తెలుగులో, ఇంగ్లీషులో, ముందు ఆ రెండూ, తర్వాతే ఇంగ్లీషు. ఇక్కడి దాకా వచ్చిన నీళ్లు 1908 మూసీవని, ఈ బొమ్మ ఆ తర్వాత వేసిందని, పై టైల్స్ అంతకు మూడు వందల ఏళ్ల కిందివని రాయండి. పైన పేరు 'బాద్షాహీ ఆషూర్‌ఖానా' అని పెట్టి, తెలుగులో దాని కింద 'పీర్ల కొట్టం' అని కూడా రాయండి. మా డెస్కు కుర్రాడి లాంటివాళ్లు వస్తే చదువుకుంటారు.

మా ఊరి కొట్టం స్లాబు కిందటి వానాకాలం నుంచి కురుస్తోందట. చాచా కొడుకు ఫోన్ చేశాడు. పైన సిమెంటు పూయించాలి, నీ వంతు ఎంత పంపుతావని అడిగాడు. సున్నం వేయించరాదా అన్నాను. సున్నం మేస్త్రీ ఎక్కడున్నాడో నువ్వే చెప్పు, పిలిపిస్తా అన్నాడు. వెతుకుతున్నాను.